షౌక్ తప్పు కాదు, హిసాబ్ తప్పొద్దు

మొన్న ఒక జుమ్మా రోజు, నమాజ్ అయ్యి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగానే ఆపా ఫోన్. సలాంకి జవాబు కూడా చెప్పనివ్వలేదు. "వీడు కారు కొంటాడంట. ఎర్ర కారు. ఇరవై వేలు బయానా కూడా ఇచ్చేసి వచ్చిండు. నా మాట వింటలేడు. నువ్వే మాట్లాడు" అంది.

వీడు అంటే మా భాంజా. 22 ఏళ్లు. గచ్చిబౌలి దగ్గర ఒక కంపెనీలో ఉద్యోగానికి కుదిరి ఏడాదిన్నర అయింది. లైసెన్సు వచ్చి రెండేళ్లు. మా బావ ఇంతెకాల్ అయ్యాక ఆపా కుట్టుమిషన్ మీద, టైలరింగ్ క్లాసుల మీద వాణ్ణి చదివించింది. సూద్ మీద అప్పు తీసుకోవడం ఆమెకి సుతరామూ ఇష్టం లేదు. అందుకని కిస్తుల మీద కొత్త కారు అనే మాటే లేదు. వాడు దాచిన మూడున్నర లక్షలు, ఆపా చిట్టీ ఎత్తితే వచ్చిన లక్షన్నర కలిపి మొత్తం ఐదు లక్షలు. ఆ ఐదు లక్షల వెనక ఎన్ని షల్వార్‌లు, ఎన్ని బ్లౌజులు ఉన్నాయో నాకు తెలుసు.

వాడికి ఫోన్ చేస్తే వాడి గొంతులో ఈద్ చాంద్ కనబడ్డంత ఖుషీ. "మామూ, ఎక్ బార్ బైఠ్‌కే దేఖో. పీఛే సే కౌన్ కీ ధకేలే సో లగ్తా" అన్నాడు. యాక్సిలరేటర్ తొక్కితే వెనక నుంచి ఎవరో తోసినట్టుంటదట. కారు అబార్త్ పుంటో. అమ్మేవాడు రీమ్యాప్ చేయించాడట, పవర్ ఇంకా పెరిగిందట. ఆ చివరి మాట వాడు ఇంకాస్త మురిసిపోతూ చెప్పాడు. నా గుండె అక్కడే కొంచెం జారింది.

ఇట్లాంటి సమయంలో మన ఇళ్లలో పెద్దలు రెండే మాటలంటారు. "ఆల్టో కొనుక్కో, చాలు" అనేది ఒకటి. "పెద్ద బండి కొను, ఇజ్జత్ ఉంటది" అనేది రెండోది. రెండూ గలత్ అని నా అభిప్రాయం. మొదటి మాట పిల్లవాడి షౌక్‌ని తొక్కేస్తుంది. రెండోది మన షౌక్‌ని వాడి నెత్తిన పెడుతుంది.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి. రెండు భాషల మధ్య నాకు ఇప్పటికీ సరిగ్గా కుదరని మాటలు కొన్ని ఉన్నాయి. షౌక్ అందులో ఒకటి. 'సరదా' అంటే మరీ తేలిక. 'వ్యసనం' అంటే మరీ బరువు. షౌక్ ఈ రెంటి నడుమ ఉంటది. ఎవరూ పట్టించుకోకపోతే అది రెండో వైపుకి జారుతుంది. కాబట్టి షౌక్ ఉన్న పిల్లవాడికి కావాల్సింది మనాహీ కాదు, పక్కన కూచుని హిసాబ్ వేసే మనిషి.

ముందు ఈ హాట్ హ్యాచ్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. వెనక డిక్కీ బయటికి పొడుచుకు రాని మామూలు చిన్న కారు హ్యాచ్‌బ్యాక్. దాంట్లో బలమైన ఇంజన్, గట్టి సస్పెన్షన్, మంచి బ్రేకులు పెడితే హాట్ హ్యాచ్. ఈ పేరుకి దునియా మొత్తంలో గుర్తింపు తెచ్చింది 1976లో అమ్మకానికొచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ. దాని ఇంజన్ 110 హార్స్‌పవర్, బరువు 810 కిలోలు మాత్రమే. సూరత్ ఇంటి కారుది, తబియత్ రేసు కారుది. పగలు పిల్లల్ని స్కూల్లో దింపొచ్చు, సెలవు రోజున ఘాట్ రోడ్డెక్కి ఆనందించొచ్చు. రెండు కార్లు కొనలేనివాడి కారు అది. అందుకే నాకు ఈ జాతి మీద కొంచెం మొహబ్బత్ ఉంది.

మన దేశంలో దీని కథ చిన్నది. 2013లో పోలో జీటీ టీఎస్ఐ వచ్చింది, 1.2 లీటర్ టర్బో, 105 హార్స్‌పవర్. 2015లో అబార్త్ పుంటో వచ్చింది, 1.4 లీటర్ టర్బో, 145 హార్స్‌పవర్, అప్పటి ధర పది లక్షలకి కొంచెం తక్కువ. 2016లో అసలైన పోలో జీటీఐ వచ్చింది గానీ ధర దాదాపు 26 లక్షలు, అది మన గల్లీ దాకా రాలేదు. 2017లో బలేనో ఆర్ఎస్, ఒక లీటర్ టర్బో, 102 హార్స్‌పవర్. 2018లో టియాగో జేటీపీ, 114 హార్స్‌పవర్. 2021లో ఐ20 ఎన్ లైన్, 120 హార్స్‌పవర్. వీటితో పాటు ఏ బ్యాడ్జీ లేకుండా చప్పుడు చేయకుండా తిరిగిన బండి ఒకటుంది, ఫోర్డ్ ఫిగో 1.5 డీజిల్, 100 హార్స్‌పవర్. దాన్ని నేను గరీబోళ్ల హాట్ హ్యాచ్ అంటాను. వీటిలో చాలావాటి తయారీ ఆగిపోయింది. పోలో 2022లో ఆగింది. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తామని చెప్పింది. ఫియట్ అంతకు ముందే వెళ్లిపోయింది. అంటే ఈ షౌక్ ఉన్న కుర్రవాడికి మిగిలింది సెకండ్ హ్యాండ్ బజారే.

ఇక్కడే అసలు మాట. బ్రిటన్‌లో ఇలాంటి కారు కొనాలనుకునే 19 ఏళ్ల పిల్లవాణ్ణి మొదట ఆపేది తల్లి కాదు, ఇన్సూరెన్స్ కంపెనీ. అక్కడ కార్లని 1 నుంచి 50 దాకా గ్రూపులుగా విడదీస్తారు. వయసు అడుగుతారు, ఎన్నేళ్ల తజుర్బా అని అడుగుతారు. కొందరి బండిలో ఎలా నడుపుతున్నాడో కనిపెట్టే పెట్టె కూడా బిగిస్తారు. కారు ధర కంటే ఏడాది ప్రీమియమే ఎక్కువయ్యే సందర్భాలుంటాయి. పిల్లవాడు తల గోక్కుని చిన్న ఇంజన్ కారు చూసుకుంటాడు.

మన దగ్గర థర్డ్ పార్టీ ప్రీమియం నడిపేవాడి ఉమర్ అడగదు, ఇంజన్ సీసీ అడుగుతుంది. 2022లో ఖరారు చేసిన రేట్ల ప్రకారం వెయ్యి సీసీ లోపు కారుకి ఏడాదికి 2,094 రూపాయలు, 1500 సీసీ లోపు 3,416 రూపాయలు. టర్బో ఇంజన్ చిన్నదే కదా! 998 సీసీ ఐ20 ఎన్ లైన్‌కి, ముసలాయన నడిపే వెయ్యి సీసీ లోపు బండికి ఒకటే రేటు. 120 హార్స్‌పవర్ 20 ఏళ్ల పిల్లవాడి చేతిలో పెడుతున్నామని ఆ కాగితం మీద ఎక్కడా రాయబడదు. అక్కడ ఇన్సూరెన్స్ కంపెనీ చేసే పని ఇక్కడ తల్లి చేయాలి, మామూ చేయాలి. మేం చేయకపోతే ఎవరూ చేయరు. నేను ఆపా ఫోన్‌ని తేలిగ్గా తీసుకోకపోవడానికి కారణం ఇదే.

ఇంకో కారణం కూడా ఉంది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు.

నేను పత్రికలో కొత్తగా చేరిన రోజుల్లో నాది క్రైమ్ బీటు, నైట్ డ్యూటీ. ఒక రాత్రి ఊరి శివార్లలో కారు డివైడర్‌కి కొట్టుకుందని వెళ్లాను. నడిపిన కుర్రవాడికి 21. కారు సెకండ్ హ్యాండ్, కొని మూడు వారాలు కూడా కాలేదు. ఆ కొద్దిసేపటి ముందే చినుకులు పడి రోడ్డు తడిగా ఉంది. టార్చిలైటు వెలుగులో ముందు టైరు చూశాను. నున్నగా, అరచేతిలా ఉంది. గాడి అనేదే లేదు. పొద్దున పత్రికలో నేను రాసింది మాత్రం 'అతివేగమే ప్రాణం తీసింది' అని. పోలీసులు అదే చెప్పారు, నేను అదే రాశాను. టైరు మాట రాయలేదు. జాగా సరిపోలేదని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. జాగా ఉంది. అతివేగం అన్న ఒక్క మాటతో కథ అయిపోతుంది, ఎవరూ ఇంకేమీ అడగరు, అంతే. ఆ పిల్లవాడి అబ్బా నాలుగు రోజుల తర్వాత ఆఫీసుకొచ్చి, "మా వాడు అంత స్పీడు పోయేవాడు కాదు సార్" అన్నాడు. నేను చాయ్ తెప్పించాను. అంతకన్నా ఏమీ చేయలేదు.

వేగం కారణం కాదని నేను అనడం లేదు. 60లో పోతున్న కారు సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది, 120లో 33 మీటర్లు. కాలు బ్రేకు మీదికి చేరేలోపే అంత దూరం అయిపోతుంది. ఆ పైన, వేగం రెండింతలైతే ఆగడానికి కావాల్సిన దూరం రెండింతలు కాదు, నాలుగింతలు. మన అవుటర్ రింగ్ రోడ్డు మీద 2023 నుంచి గరిష్ఠ వేగం 120. అది కంపెనీ నుంచి వచ్చినట్టున్న బండికి, మంచి టైర్లకి, నిద్రపోయి లేచిన డ్రైవర్‌కి ఇచ్చిన ఇజాజత్. అరిగిన టైర్లకి కాదు. జోష్ ఇంజన్‌లో ఉంటే హోష్ బ్రేకులో, టైరులో ఉండాలి. ఇంజన్‌కి పైసలు పెట్టి బ్రేకుకి పెట్టనివాడిది షౌక్ కాదు, దిఖావా.

అందుకని నేను మా భాంజాకి వద్దు అనలేదు. మూడు షరతులు పెట్టాను.

ఒకటి. ఐదు లక్షలుంటే కారు నాలుగు లక్షలదే చూడాలి. ఐదోది బండి ఇంటికొచ్చాక పెట్టే ఖర్చు. నాలుగు టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, అన్ని ఆయిళ్లు, బ్యాటరీ, ఇన్సూరెన్స్, పేరు మార్పిడి. టర్బో బండికి ఆయిల్ మామూలు బండికన్నా ముఖ్యం. ఆ చిన్న చక్రం నిమిషానికి లక్ష చుట్లకి పైగా తిరుగుతుంది, దానికి ఆయిలే ప్రాణం. గడువు దాటి ఆయిల్ మార్చిన బండి బయటికి ఎంత మెరిసినా లోపల బీమార్.

రెండు. కంపెనీ ఎట్లా పంపిందో అట్లా ఉన్న బండే కావాలి. రీమ్యాప్, పెద్ద ఎగ్జాస్ట్, కిందికి దించిన స్ప్రింగులు ఏవీ వద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకి భిన్నంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా స్పష్టంగా చెప్పింది. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ ఎగ్గొట్టడానికి ఇంతకన్నా మంచి బహానా ఉండదు. పైగా రీమ్యాప్ చేయించినవాడు ఆ కారుని మెల్లగా నడపడానికైతే చేయించి ఉండడు.

మూడు. రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ లేకపోతే ఆ బండి వైపు చూడటమే లేదు. ఏబీఎస్ మన దేశంలో అన్ని కార్లకీ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్‌లో. ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి అయింది 2022 జనవరి నుంచి. అంతకు ముందు బండి అయితే మోడల్ పేరు చూసి నమ్మొద్దు, వేరియంట్ చూడాలి. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ మన పోలోని గుద్ది చూసింది. ఎయిర్‌బ్యాగులు లేనిదానికి సున్నా, రెండు ఎయిర్‌బ్యాగులున్నదానికి నాలుగు స్టార్లు. పేరు ఒకటే, రూపం ఒకటే. కానీ ఒకదానిలో ప్రాణానికి పూచీ ఉంది, రెండోదానిలో లేదు.

వాడు మూతి ముడుచుకున్నాడు. "మామూ, ఆప్ భీ అమ్మీ కే పార్టీ మేచ్ హై" అన్నాడు. సరే బేటా, ముందు ఆ ఎర్ర కారునే చూద్దాం పద అన్నాను. నాకు కార్లు నడపడం వచ్చు గానీ లోపలి ముచ్చట రాదు. అందుకని ముప్పై ఏళ్లుగా గ్రీజులో చేతులు ముంచిన ఒక ఉస్తాద్‌ని మా వెంట తీసుకెళ్లాను. చదివింది అయిదో తరగతే, చేతిలో మాత్రం కొత్త స్కానర్ ఉంటది.

కారు బాగా మెరుస్తోంది. ఉస్తాద్ ఇంజన్ వైపు పోలేదు. ముందు టైరు దగ్గర కూచున్నాడు. టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. ఆ టైర్లు చేసి ఏడేళ్లు దాటింది. గాడి ఉంది, కానీ రబ్బరు ఎండి పగుళ్లిచ్చింది. తర్వాత బానెట్ ఎత్తి లోపలి బోల్టుల మీద పెయింట్ చూశాడు. ఎడమ వైపు బోల్టులకి పానా పెట్టిన గాట్లున్నాయి. అంటే ఎప్పుడో ఫెండర్ విప్పారు. డిక్కీలో కార్పెట్ ఎత్తి వాసన చూశాడు, సీటు కింద పట్టాల మీద వేలు రాశాడు. 2020 అక్టోబర్ వానలకి హైదరాబాద్‌లో ఎన్ని కార్లు నీళ్లలో తేలాయో మనం మర్చిపోయాం, కానీ ఆ కార్లు ఎక్కడికీ పోలేదు, కడిగి తుడిచి బజారుకే వచ్చాయి. ఈ కారు అయితే నీట మునిగింది కాదు. చివరిగా చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి వెనక్కి పోయి నిలబడ్డాడు. ముందుగానే వేడి చేసి ఉంచిన ఇంజన్‌ని చూసి కొనొద్దు అనేది ఆయన మొదటి ఉసూల్. పొగ కొంచెం నీలంగా వచ్చింది. "టర్బో ఆయిల్ పీరా" అన్నాడు. అంతే.

కాగితాలు నేను చూశాను. అది నా పని. బండి పక్క రాష్ట్రం నంబరుది. ఎన్ఓసీ లేదు, 'తెప్పిస్తాం' అన్నారు. తెలంగాణ నంబరు మార్చుకోవాలంటే లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, ఆ మాట ఎవరూ చెప్పలేదు. ఆర్సీ మీద ఫైనాన్స్ కంపెనీ పేరు ఇంకా ఉంది, అది తీసేయించే ఫారం 35 లేదు. ఇన్సూరెన్స్ కాగితం మీద యాభై శాతం నో క్లెయిమ్ బోనస్ చూపించి 'మీకూ ఇదే వస్తుంది' అన్నారు. రాదు. ఆ బోనస్ మనిషిది, బండిది కాదు. అమ్మినవాడితోనే పోతుంది.

బయానా వెనక్కి ఇవ్వమన్నాం, ఇవ్వలేదు. రసీదు లేదు కదా. ఇరవై వేలు పోయాయి. వాడి ముఖం చూసి నేను ఒక్క మాట కూడా అనలేదు. తిరిగొస్తూ బండిలో ఉస్తాద్ అన్నాడు, "బీస్ హజార్ మే సబఖ్ సస్తా మిలా బేటా." చవకగానే నేర్చుకున్నావు అని.

తర్వాత ఐదు వారాలు వెతికాం. సబర్ అనేది సెకండ్ హ్యాండ్ బజారులో సగం ధర. ఒక పోలో జీటీ టీఎస్ఐ బాగా నచ్చింది, కానీ దాంట్లో ఏడు గేర్ల డ్రై క్లచ్ ఆటోమేటిక్. దాని మెకట్రానిక్స్ పాడైతే బిల్లు లక్ష దాటడం మామూలే. ఐదు లక్షలవాడు చేయగల జూదం కాదది. టియాగో జేటీపీ మంచి బండే, అయితే అవి చేసిందే తక్కువ, దానికే ప్రత్యేకమైన సామాను వెతుక్కోవాలి. బలేనో ఆర్ఎస్‌కి నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు, బరువు తక్కువ, మారుతి షెడ్డు ప్రతి ఊళ్లోనూ ఉంటది. నాకు అదే నచ్చింది, కానీ మాకు దొరికిన రెండూ బడ్జెట్ దాటాయి. చివరికి ఒక ఫిగో డీజిల్ కుదిరింది. ఒకే యజమాని, సర్వీసు కాగితాలన్నీ ఉన్నాయి, టైమింగ్ బెల్ట్ మార్చిన బిల్లు ఉంది, పై వేరియంట్ కాబట్టి ఆరు ఎయిర్‌బ్యాగులు. ధర మా నాలుగు లక్షల లోపే.

"మామూ, ఏ తో టాక్సీ వాలోం కీ గాడీ దిఖ్తీ" అన్నాడు వాడు మొదట. నడిపి వచ్చాక మాట్లాడలేదు. మెల్లగా తాళం నా చేతిలో పెట్టి, "టర్బో ఉఠ్తే వఖత్ మస్త్ హై" అన్నాడు. ఆ మస్త్ అన్న మాటలో ఇరవై వేల బాధ కొంచెం తగ్గింది.

బండి ఇంటికి రాకముందే నాలుగు కొత్త టైర్లు వేయించాం. ఫారం 29, 30 అదే రోజు పెట్టించాం. అమ్మినవాడు కూడా దీని మీద శ్రద్ధ పెట్టాలి. బండి అమ్మేసినా ఆర్సీ మీద పేరు మారకపోతే ప్రమాదానికి జిమ్మేదారీ కాగితం మీద ఉన్న పాత యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్సూరెన్స్ పేరు మార్పుకి దరఖాస్తు గడువు 14 రోజులు. ఈ చిన్న కాగితాలు బద్ధకించి ఎన్ని ఇళ్లు కోర్టుల చుట్టూ తిరిగాయో రిపోర్టర్‌గా చూశాను.

ఇంకో మాట మీద వాడు ఇప్పటికీ నాతో గొడవపడతాడు. మొదటి మూడు నెలలు రాత్రి పదింటి తర్వాత కారు తీయకూడదు, నలుగురు దోస్తుల్ని ఎక్కించుకోకూడదు. ఒంటరిగా ఉన్నప్పుడు పిల్లవాడు తన కోసం నడుపుతాడు, వెనక సీట్లో దోస్తులుంటే వాళ్ల కోసం నడుపుతాడు. నా ఖయాల్ తప్పు కావచ్చు. కానీ ఈ విషయంలో తప్పయినా ఫర్వాలేదు.

ఈ రాత చదివే తల్లిదండ్రులకి, మామూలకి, చాచాలకి నాది ఒకటే గుజారిష్. పిల్లవాడు వేగంగా పోయే కారు అడిగితే కసురుకోవద్దు. కసిరితే మీకు చెప్పకుండా బయానా ఇచ్చి వస్తాడు. వాడి వెంట వెళ్లండి. మీకు కార్లు తెలియకపోతే తెలిసినవాణ్ణి వెంట తీసుకెళ్లండి, ఐదొందలో వెయ్యో ఆయన చేతిలో పెట్టండి. ముందు టైరు మీద ఆ నాలుగంకెలు చదవండి. చదవడానికి చదువక్కర్లేదు, కొంచెం వంగితే చాలు.

ఆ రాత్రి టార్చిలైటు వెలుగులో నేను వంగి చూశాను, కానీ రాయలేదు. ఇవాళ రాశాను. ఆ అబ్బాకి ఇది చేరుతుందో లేదో తెలియదు.

ఖుదా హాఫిజ్.